మూడో సీసా

ఫోను ఇంకా మంచం మీదే ఉంది. తెర మసకబారగానే లక్ష్మీనర్సమ్మ చూపుడు వేలితో ఒక పోటు పొడిచి మళ్లీ వెలిగిస్తోంది. వెలిగిన ప్రతిసారీ అందులో బొల్లి కనిపిస్తోంది. నల్ల గొర్రె, నుదుట తెల్ల మచ్చ, ఆ మచ్చ వెనక తలలోంచి పైకి లేచిన సన్నటి గొట్టం.

"దవాఖాన అంటరు గద పిల్లా," అంది కోడలితో. "ఏ దవాఖానల తలకాయ తొలుస్తరు?"

సుస్మిత అది మన బొల్లి కాదు, ఇంకెవరిదో అని మొదట అనబోయింది. కానీ ఫోటోలో ఎడమ చెవి సగానికి కోసి ఉంది. ఆ కోత ఈ ఇంటి గురుతు. కొత్తకోట సంతలో వెయ్యి గొర్రెల మధ్య నిలబెట్టినా ఆ చెవిని చూసి ఇది కురుమయ్యదని చెప్పేవాళ్లు పదిమంది ఉన్నారు.

తప్పంతా సుహాసినిది. ల్యాబులో సుస్మితతో పనిచేసే పిల్ల. ఆదివారం డ్యూటీ ఆమెది. గొట్టం చుట్టూ కట్టు సరిగ్గా ఉందా అని అడగడానికి ఫోటో పంపింది. అది వచ్చే సమయానికి ఫోను అత్త చేతిలో ఉంది. లారీ మీద బెంగళూరు దిక్కు పోయిన కొడుకు పరమేష్‌కు ఫోను కలుపుదామని ఆమె తీసుకుంది. కొడుకు కలవలేదు, గొర్రె కలిసింది.

ఆదివారమంటే మల్లన్న వారం కూడా. అర్రలో పటానికి పసుపు బండారి పెట్టి ఉంది. పొయ్యి మీద నైవేద్యం అన్నం అడుగంటుతున్న వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు. కురుమయ్య గోడకు ఆనుకుని కూర్చుని బండారి అంటిన తన వేళ్లనే చూసుకుంటున్నాడు. ఫోటో చూసినప్పటినుంచి ఒక్క మాట అనలేదు. అత్త తిట్లు కోడలికి అలవాటే, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేయగలదు. మామ మౌనమే ఆమెకు భయంగా ఉంది.

బొల్లి తల్లి ఈనిన రోజే చచ్చిపోయింది. ఆ పిల్లను గొంగట్లో చుట్టుకుని, సీసాతో పాలు పట్టి పెంచింది కురుమయ్యే. మంద ముందు పోతుంటే అది మాత్రం ఆయన వెనక నడిచేది. రెండు నెలల కిందట సుస్మిత దాన్ని ల్యాబుకు ఇమ్మని అడిగింది. వణుకుడు జబ్బుకు మందు కనిపెడుతున్నాం, మనుషుల చేతికి బెదరని గొర్రె కావాలి అంది. హైవే పక్కనున్న ఆ ల్యాబును ఊళ్లో అందరూ గొర్ల దవాఖాన అంటారు. దవాఖానకు పోయినవాళ్లు నయమయ్యాక ఇంటికొస్తారు కదా అనుకుని ఆయన సరేనన్నాడు. అది దవాఖాన కాదని సుస్మిత చెప్పలేదు. చెప్పకపోవడం వేరు, అబద్ధమాడటం వేరు అని తనకు తాను సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్లకు ఈ సౌకర్యం ఒకటుంది.

"నువ్వన్న అడుగవయ్యా," అని లక్ష్మీనర్సమ్మ మొగుడి మీదికి తిరిగింది. "దినాం కోడి కూయకముందే గడ్డి జూసొస్త అని పోతవ్. ఆదారం ఒక్కనాడె నువ్వు పొద్దుగాల ఇంట్ల కనవడేది. గా ఒక్కనాడు గూడ నోరు తెరువవు."

ఆ మాట సుస్మితకు ఎక్కడో తగిలింది.

ఆదివారం ఒక్కనాడే.

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. అన్నం దించాల్సిన చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. ఆమెకు నిన్నటి శనివారం గుర్తొచ్చింది.

*

శనివారం మధ్యాహ్నం డాక్టర్ కమలాకర్ ఆమెను ఏసీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. అరవని మనిషి. అందుకే ఆయన తలుపు వేస్తే అందరికీ గుండె జారుతుంది. బల్ల మీద మూడు వారాల కాగితాలు పరిచి ఉన్నాయి.

బొల్లి తలలోని గొట్టం సూది కన్నా సన్నం. దాని కొసన కంటికి కనపడని రంధ్రాల పొర ఒకటి ఉంటుంది. లోపలికి ఉప్పునీళ్లు మెల్లగా పంపుతారు. మెదడులో ఆ చోట ఊరుతున్న రసాయనాలు కొంచెం ఆ పొర గుండా నీళ్లలో కలిసి బయటికి వస్తాయి. గొర్రె బతికే ఉంటుంది, నెమరేస్తూ ఉంటుంది. ఇరవై నిమిషాలకొక చిన్న సీసా. ఆ సీసాలోని నీళ్లు యంత్రానికి ఇస్తే అది ఒక్కో రసాయనాన్ని విడదీసి, ఒక్కో నిమిషానికి ఒక్కోదాన్ని తెర మీద గుట్టలా గీసి చూపిస్తుంది. డోపమిన్ గుట్ట ఆరో నిమిషానికి లేస్తుంది. అది ఎంత ఎత్తు లేస్తే మెదడులో అంత ఊరినట్టు. వణుకుడు జబ్బు మనుషులకు తక్కువపడేది అదే, సంతోషం కలిగితే ఎక్కువయ్యేదీ అదే.

మిగతా అయిదు గొర్రెలకూ పొద్దున గుట్టలు ఒకే తీరుగా ఉన్నాయి. బొల్లికి మాత్రం మూడో సీసాలో, అంటే ఏడూ ఇరవైకీ ఏడూ నలభైకీ మధ్య, గుట్ట రెండింతలు లేస్తోంది. మందు ఇచ్చేది తొమ్మిదింటికి. మేత ఎనిమిదింటికి. ఏడున్నరకు దానికి అంత సంతోషం ఎందుకో ఎవరికీ తెలియదు.

యంత్రం మీద అనుమానంతో సుస్మిత దాన్ని విప్పి కడిగింది. ఉప్పునీళ్లు కొత్తగా కలిపింది. తెలిసిన మోతాదు వేసి సరిచూసింది. యంత్రం నిజమే చెబుతోంది.

"రోజూ లేస్తుంది, ఆదివారం లేవదు," అన్నాడు కమలాకర్. "ఆదివారం నువ్వు ఉండవు. మిగతా రోజుల్లో పొద్దున కొట్టం తెరిచేది నువ్వొక్కదానివే. ఆ సీసాలో నువ్వేమైనా కలుపుతున్నావని నేను అనడం లేదు సుస్మితా. సోమవారం నువ్వే చెప్పు. చెప్పలేకపోతే ఇంకో ల్యాబు చూసుకో, ఇంకో ల్యాబు వాళ్లు నన్ను అడిగితే నేను చెప్పాల్సింది చెబుతాను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు ఆమె ఆ రోజంతా తన చేతుల్నే చూసుకుంటూ తిరిగింది. పాలమూరులో అద్దె గదిలో ఉండి, ఒక పూట తిని ఒక పూట మానుకుని చదివిన కెమిస్ట్రీ అది. దొంగ లెక్కల మనిషి అన్న పేరు ఒకసారి పడితే మళ్లీ ఏ గుమ్మమూ తెరుచుకోదు.

*

ఆదివారం ఒక్కనాడే మామ ఇంట్లో ఉంటాడు. ఆదివారం ఒక్కనాడే గుట్ట లేవదు.

అన్నం దించి, ఎవరూ చూడకుండా సుహాసినికి ఫోను చేసింది. ఈ రోజు మూడో సీసా ఎట్లా ఉందని అడిగింది. చప్పగా ఉందని సుహాసిని చెప్పింది, మిగతా వాటి లాగే.

కురుమయ్య చెప్పులు అరుగు కింద ఉన్నాయి. సుస్మిత వంగి ఒకదాన్ని తిప్పి చూసింది. అడుగున మట్టి ఉంది. మట్టితో పాటు సందుల్లో తెల్లగా గట్టిపడిన సున్నం ఉంది. ఈ ఊళ్లో ఏ చేను గట్టునా సున్నం పొయ్యరు. రోగాలు లోపలికి రాకుండా కంచె పొడుగునా సున్నం పోసేది ల్యాబు దగ్గర ఒక్కచోటే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సున్నం పట్టిచ్చింది.

తల ఎత్తేసరికి మామ గడపలో నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో తన చెప్పు ఉండటం చూశాడు. ఆమె చెప్పును ఉన్నచోటే పెట్టింది.

ఆ పగలంతా ఇంట్లో ముగ్గురూ ఒకరినొకరు దొంగచూపులు చూసుకుంటూనే గడిపారు. లక్ష్మీనర్సమ్మ నైవేద్యం ముద్ద మొగుడికి పెట్టింది, కోడలికి పెట్టలేదు.

సుస్మితకు లోపల ఒకటే ఆలోచన. ఆయన కొట్టం దాకా ఎందుకు పోతున్నాడు? తుమ్మకాయలు వేస్తున్నాడా? నాటుమందు ఏదన్నా తాగిస్తున్నాడా? లోపలికి ఎట్లా పోతున్నాడు? తాళంచెవి తన బ్యాగులోంచి తీస్తున్నాడా? బ్యాగు తెరిచి చూసుకుంది. తాళంచెవి ఉంది. దాన్ని తీసి కొంగున ముడేసుకుంది. మామను అనుమానించినందుకు ఆమెకు సిగ్గేసింది, అయినా ముడి విప్పలేదు.

*

సోమవారం ఆమె మొదటి రెండు సీసాలు పెట్టి, మూడోది మార్చే పని సుహాసినికి అప్పగించింది. రోజూ తను కూర్చునే గది కొట్టానికి ఆనుకునే ఉంటుంది గానీ, ఆ పంపుల రొదలో బయటి చప్పుడు చెవిన పడదు. అందుకని బయటికొచ్చి నీళ్ల ట్యాంకు చాటున నిలబడింది.

కంచె పక్కన కాపలా సైదులు కుర్చీలో ఉన్నాడు. ఏడూ పాతికకు కురుమయ్య చేలకు అడ్డంపడి వచ్చాడు. ఆయన రావడం చూసి సైదులు కుర్చీని మెల్లగా రోడ్డు వైపు తిప్పుకున్నాడు. చూడలేదని రేపు ప్రమాణం చేయాల్సి వస్తే చేయడానికి వీలుగా.

కురుమయ్య చేతిలో ఏమీ లేదు. కంచెను ముట్టుకోలేదు. కొట్టం కిటికీకి ఎదురుగా నిలబడి, నాలుకను అంగిట్లో ఆడించి ట్ర్ర్ర్ మని ఒక చప్పుడు చేశాడు. గొర్లు కాసే కురుమల్లో ఏ ఇంటి పిలుపు ఆ ఇంటిదే. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"దా బొల్లీ. దా."

లోపలినుంచి బొల్లి అరిచింది. ఒక పిలుపు, ఒక అరుపు. అంతే. ఆయన తలపాగా సర్దుకుని వెనక్కి మళ్లాడు.

సుస్మితకు మొదట కలిగింది సంతోషం. తనకు పిచ్చి లేదు, యంత్రం చెడలేదు, తను దొంగ కాదు. ఆ సంతోషంలోనే ఆమె ట్యాంకు చాటునుంచి పరుగున వచ్చి ఆయన దారికి అడ్డం నిలబడింది. ఎన్నాళ్లనుంచి వస్తున్నావని అడిగింది. తెచ్చి ఇచ్చిన మర్నాటి నుంచి అని ఆయన చెప్పాడు.

"మేత పెట్టొద్దన్నవ్. పెట్టలే. పిల్వొద్దనలేదు గద బిడ్డా."

"ఎందుకు పిలుస్తున్నవ్ మామా?"

ఆయన ఇంతవరకూ ఎవరూ అడగనిది అడిగినట్టు చూశాడు.

"పిల్వకుంటె అమ్మినమనుకుంటది."

ఆ తర్వాత ఆయనే అడిగాడు, ఆ గొట్టం దానికి నొస్తదా అని. నొప్పెయ్యదు, మెదడుకు నొప్పి తెలియదు అని చెప్పింది. అది నిజమే. నిజం చెప్పగలిగినందుకు కొంచెం తేలికపడింది.

ఆయన్ను గేటు దగ్గరే కూర్చోబెట్టి లోపలికి పోతుంటే సైదులు వెనకే వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పోయినేడు ఆరు గొర్లు లోపలికి పోయినయ్. గేటు దాటి నడ్సుకుంట ఒక్కటి రాలే. పెద్దాయనకు నేను చెప్పలే. నువ్వు చెప్పినవనుకున్న."

అతను బెదిరిస్తున్నాడా, బాధపడుతున్నాడా ఆమెకు తెలియలేదు. నీ పని నువ్వు చూసుకో సైదులన్నా అంది. అతను నవ్వలేదు, కోపగించుకోలేదు, కుర్చీ దగ్గరికి పోయాడు.

*

కమలాకర్ అంతా విన్నాడు. విని అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"గొర్రె మీ ఇంటిది. మనిషి మీ మామ. సాక్షి నువ్వు," అన్నాడు. "బాగానే కుదిరింది."

అయినా మనిషి పద్ధతి తప్పడు. ఒక పరీక్ష పెట్టాడు. గొర్రెకు అలవాటైన ఏడున్నర కాదు, తను చెప్పిన గడియకు కురుమయ్య పిలవాలి. సీసాలు సుహాసిని మారుస్తుంది. సుస్మిత తన పక్కనే, చేతులు కనపడేలా నిలబడాలి. గుట్ట లేస్తే నమ్ముతాడు.

పదకొండు గంటలకు ముగ్గురూ కంచె దగ్గరికి వచ్చారు. డాక్టరు గడియారం చూసి తలాడించాడు. సుస్మిత పిలువు మామా అంది.

కురుమయ్య పిలవలేదు. డాక్టరు తెల్ల కోటును పైనుంచి కిందికి చూశాడు. కొట్టం కిటికీని చూశాడు. చివరికి కోడలి వైపు తిరిగాడు.

"ఒక్కటి చెప్పు బిడ్డా. మల్ల ఇంటికొస్తదా అది?"

బొల్లిని ల్యాబుకు అప్పగిస్తూ కాగితం మీద సంతకం పెట్టిన రోజే సుస్మితకు ఆ సంగతి తెలుసు. పని పూర్తయ్యాక గొర్రెను చంపి, తల తెరిచి, గొట్టం మెదడులో సరైన చోట కూర్చుందో లేదో చూస్తారు. అది చూడకపోతే ఇన్నాళ్ల లెక్కలకు విలువ లేదు. రెండు నెలలు చెప్పకుండా దాచింది. ఇప్పుడు దాచడానికి వీల్లేదు, ఆయన అడిగాడు. రాదు అంటే ఆయన పిలవడు. పిలవకపోతే తను దొంగ.

డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. కుర్చీలోంచి సైదులు మెడ తిప్పి ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

"వస్తది మామా," అంది. "పిలువు."

ఆయన ముఖం తేటపడింది. కంచె మీద చెయ్యి ఆనించి, రోజూ కన్నా గట్టిగా పిలిచాడు. లోపల బొల్లి వెంటనే అరిచింది. మళ్లీ మళ్లీ అరిచింది.

*

సీసా నిండి, యంత్రంలోకి పోయి, ఆరో నిమిషం వచ్చేదాకా ఏసీ గదిలో ఎవరూ కూర్చోలేదు. అయిదో నిమిషం దాటాక గీత కదిలింది. లేస్తూ పోయింది. ఈ మూడు వారాల్లో ఏ పొద్దునా లేవనంత ఎత్తు లేచి, మెల్లగా దిగింది.

సుహాసిని ఆమె భుజం పట్టుకుంది. కమలాకర్ చాలాసేపు ఆ గుట్టనే చూశాడు.

"నిన్ను అనుమానించాను. తప్పు నాది," అన్నాడు. అంత మాట ఆయన నోట ఆ గదిలో ఎవరూ వినలేదు. సుస్మితకు కళ్లు చెమర్చాయి. సరిగ్గా చదివావు, ఆదివారం సంగతి పట్టుకున్నావు, నీ పేరు రిపోర్టులో పైన ఉంటుంది అని కూడా అన్నాడు.

ఆ తర్వాత అదే గొంతుతో, అంతే నిదానంగా, మిగతాది చెప్పాడు.

"ఈ గొర్రె లెక్కలు మాత్రం ఇక పనికిరావు. గుట్ట లేపింది మందో, మీ మామ పిలుపో ఎవరు చెప్పగలరు? పొడిగించడం దండగ. రేపే ముగించి తల చూద్దాం, గొట్టం ఎక్కడ కూర్చుందో అదన్నా తెలుస్తుంది. ఏడు గంటలకల్లా కొట్టం తెరిచి పెట్టు."

ఇంకా నలభై రోజులు ఉండాల్సిన గొర్రె. నలభై రోజుల్లో ఏదో ఒకటి చెయ్యవచ్చని, ఎవరినైనా బతిమాలుకోవచ్చని ఆమె అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఒక్క పూట మిగిలింది. ఆ మిగతా రోజుల్ని తుడిచేసింది మామ పిలుపు. పిలిపించింది తను.

ఆమె సరే సార్ అంది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని తర్వాత చాలాసేపు ఆలోచించింది.

*

గేటు దగ్గర కురుమయ్య లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో తాడు. సైదులును అడిగి తీసుకున్నాడు. ఇచ్చినవాడు అటు తిరిగి రోడ్డు మీద పోయే లారీలను చూస్తున్నాడు.

"డాక్టరు నమ్మిండా బిడ్డా?"

"నమ్మిండు మామా."

"నీ నౌకరికి ఫికర్ లేదు గద?"

"లేదు."

ఆయన తృప్తిగా తలాడించాడు. తాడు కొసన ముడి వేసి, అది మెడకు బిగుసుకోకుండా ఉందో లేదో తన మణికట్టుకు పెట్టి చూసుకున్నాడు. అత్త మీద కోపం పెట్టుకోవద్దని, బొల్లి ఇంటికొస్తే ఆమే మెత్తబడుతుందని కోడలికి సర్దిచెప్పాడు. తల మీద పుండు మానేదాకా మందలో కలపనని, అరుగు మీదే కట్టేస్తానని కూడా చెప్పాడు.

సుస్మిత చెయ్యి తనకు తెలియకుండానే కొంగు ముడి మీదికి పోయింది. తాళంచెవి గట్టిగా చేతికి తగిలింది. కొట్టం తలుపు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఏసీ గది కిటికీలోంచి కమలాకర్ ఇటే చూస్తున్నాడు.

"ఇయ్యాలనే ఇడుస్తరా?" అని అడిగాడు కురుమయ్య.

ఆమె జవాబు చెప్పలేదు. ఆయన కాసేపు ఎదురుచూసి, తాడును చుట్ట చుట్టి భుజానికి తగిలించుకున్నాడు. కోడలిని ఇరుకున పెట్టడం ఇష్టంలేని మనిషి.

"ఇయ్యాల గాకుంటె పాయె. రేపు నేనెట్లాగు వస్త గద, ఎప్పటి యాళ్లకు. ఏడున్నరకు."